ఏ వెర్షన్లతో నడిచిందో కూడా రికార్డులో రాయించండి

తెలుగు రాష్ట్రాల సాంకేతిక విశ్వవిద్యాలయాల కంప్యూటర్ సైన్స్ బోర్డ్ ఆఫ్ స్టడీస్ అధ్యక్షులకు, సభ్యులకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

అడగదలచుకున్నది ముందే అడిగేస్తాను. బీటెక్ ల్యాబ్ రికార్డులోను, ఆఖరి సంవత్సరం ప్రాజెక్టులోను ఒక ఫైలును తప్పనిసరి చెయ్యండి. ప్రోగ్రాము ఏ పైథాన్ మీద నడిచింది, ఏయే ప్యాకేజీలతో నడిచింది, ఒక్కొక్కదాని వెర్షన్ ఏమిటి అన్నవి అందులో ఉండాలి. విద్యార్థి పేరుపెట్టి తెచ్చుకున్న ప్యాకేజీలే కాదు, వాటి వెంట వచ్చి చేరినవి కూడా ఉండాలి. ఆ ఫైలు తీసుకుని వేరే కంప్యూటర్ మీద, ఖాళీ ఎన్విరాన్‌మెంట్‌లో ఇన్‌స్టాల్ చేస్తే ప్రోగ్రాము నడవాలి. నడిచిన తరువాతే మార్కులు వెయ్యండి.

నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజినీరుని. కొత్తగా చేరిన పిల్లలకు మొదటి నెలల్లో పని చూపించడం నా ఉద్యోగంలో భాగం. చదువులో వాళ్లకేమీ తక్కువ లేదు. బైనరీ ట్రీ తడుముకోకుండా బోర్డు మీద రాస్తారు, నార్మల్ ఫారాలు అడిగితే గడగడా చెబుతారు. అదే ఒక పాత ప్రాజెక్టు చేతికిచ్చి ఇన్‌స్టాల్ చేసి చూపించమంటే, ఎర్రర్ కనపడగానే చేతులాడవు. ఆ ఎర్రర్‌ని చదవాలని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. ఇంకా బాధ కలిగించేది ఏమిటంటే, తప్పు తమదేనని వాళ్లు నమ్మేస్తారు. "నాకు కోడింగ్ రాదేమో" అనుకుంటారు. అలా అనుకున్న పిల్లల్లో పల్లెల నుంచి, చిన్న ఊళ్ల నుంచి వచ్చినవాళ్లే ఎక్కువగా కనిపిస్తున్నారు నాకు. ఇంట్లో అడగడానికి అన్నో అక్కో ఈ రంగంలో ఉన్నవాళ్లు ఎలాగో గట్టెక్కుతారు. లేనివాళ్లు ఆగిపోతారు. ఈ ఉత్తరం వాళ్ల కోసం.

ప్రాజెక్టుల సమయంలో మా ఊరి అమ్మాయి ఒకామె ఫోన్ చేసింది. సీనియర్లు చేసిన హాజరు నమోదు అప్లికేషన్‌కు కొత్త హంగులు చేర్చడం వాళ్ల బ్యాచ్ పని. "అక్కా, పోయినేడు డెమోలో ఇది బ్రహ్మాండంగా నడిచిందంట. నేను కోడ్‌లో ఒక్క అక్షరం కూడా ముట్టుకోలేదు. నా ల్యాప్‌టాప్‌లో లేవనే లేవట్లేదు" అంది. అప్పటికే పైథాన్ తీసేసి మళ్లీ వేసుకుంది. విండోస్ కూడా మళ్లీ వేయించమంటావా అని అడుగుతోంది. స్క్రీన్ షేర్ చెయ్యమన్నాను. రిక్వైర్‌మెంట్స్ ఫైలు తెరిస్తే అందులో ఉన్నది ఒకే వరుస: ఫ్లాస్క్==2.2.2.

చూడండి, ఆ సీనియర్లు అశ్రద్ధ చేసినవాళ్లు కారు. ఫ్లాస్క్ వెర్షన్ ఇంతేనని ఖాయంగా రాసిపెట్టారు. మనవాళ్లలో అంతమాత్రం చేసేవాళ్లే అరుదు. అయినా ప్రోగ్రాము మొదలుపెట్టగానే పది వరుసల ఎర్రర్ వచ్చింది. ఆఖరి వరుస తెలుగులో చెప్పుకుంటే ఇలా ఉంటుంది: వెర్క్‌జోయిగ్ ప్యాకేజీలోని యూఆర్‌ఎల్స్ అనే భాగం నుంచి యూఆర్‌ఎల్_కోట్ అనే పేరును దిగుమతి చేసుకోలేకపోతున్నాను. ఆ అమ్మాయి కోడ్‌లో వెర్క్‌జోయిగ్ అన్న మాటే లేదు.

ఇక్కడ ఏం జరిగిందో కాస్త నిదానంగా చెప్పనివ్వండి. నేను అడుగుతున్నదానికి కారణమంతా ఇందులోనే ఉంది.

ఫ్లాస్క్ 2.2.2 వచ్చింది 2022 ఆగస్టులో. బ్రౌజర్ నుంచి వచ్చే అభ్యర్థనలను విప్పి చూడడం, జవాబులు కట్టి పంపడం వంటి పనులు ఫ్లాస్క్ స్వయంగా చెయ్యదు. అవి వెర్క్‌జోయిగ్ అనే మరో ప్యాకేజీ చేస్తుంది. రెండింటినీ చూసుకునేది ఒకే బృందం. ఫ్లాస్క్ తన అవసరాల జాబితాలో "వెర్క్‌జోయిగ్>=2.2.2" అని రాసుకుంది. అంటే ఇంతకంటే పాతది పనికిరాదు, ఇదైనా దీని తరువాతది ఏదైనా సరే అని. కింద హద్దు ఉంది, పైన లేదు. 2023 సెప్టెంబరు 30న వెర్క్‌జోయిగ్ 3.0.0 విడుదలైంది. అందులో యూఆర్‌ఎల్_కోట్ తీసేశారు. హఠాత్తుగా తియ్యలేదు, అంతకుముందు 2.3 వెర్షన్‌లోనే దీన్ని తీసేయబోతున్నాం అని హెచ్చరిక పెట్టారు. కానీ 2022 నాటి ఫ్లాస్క్‌కి ఆ సంగతి ఎలా తెలుస్తుంది? దాని ముఖ్య ఫైలు ఒకటి మొదట్లోనే ఆ పేరును పిలుస్తుంది. ఆ పేరు లేదు. ప్రోగ్రాము అక్కడే పడిపోయింది.

సెప్టెంబరు 30కి ముందు ఇన్‌స్టాల్ చేసుకున్నవాళ్లకు ఏమీ కాలేదు. వాళ్ల యంత్రాల్లో పాత వెర్క్‌జోయిగ్ అలాగే ఉండిపోయింది కాబట్టి సీనియర్ల ల్యాప్‌టాప్‌లో ఇప్పటికీ ఆ అప్లికేషన్ నడుస్తూనే ఉండొచ్చు. ఆ తరువాత కొత్తగా ఇన్‌స్టాల్ చేసుకున్న ప్రతి ఒక్కరికీ అదే ఎర్రర్. ఫైలు అదే, ఆదేశం అదే, కోడ్ అదే. తేదీ ఒక్కటే వేరు. "నేనేమీ మార్చలేదు" అన్న విద్యార్థి మాట అక్షరాలా నిజం. ల్యాబ్‌లో ఆ మాట వినగానే మనం నమ్మకపోవడం ఎంత అన్యాయమో ఆలోచించండి.

ఇన్‌స్టాల్ అయిన ప్యాకేజీలన్నీ ఒకదానికొకటి పొసగుతున్నాయా లేదా అని చూడడానికి, ప్యాకేజీలు తెచ్చిపెట్టే పిప్‌లో 'చెక్' అనే ఆదేశం ఉంది. ఆ అమ్మాయి చేత అదీ కొట్టించాను. అవసరాలన్నీ సరిగ్గానే ఉన్నాయని జవాబొచ్చింది. పిప్ అబద్ధం చెప్పలేదు. 2.2.2 కంటే కొత్తదైతే చాలని ఫ్లాస్క్ చెప్పింది, 3.0.0 కొత్తదే. కాగితం మీద అంతా సవ్యం, నడిపితే మాత్రం నడవదు. కాబట్టి ఇలాంటి తప్పును యంత్రం పట్టిస్తుందనుకుని కూర్చోవడానికి లేదు. మనిషే ఎర్రర్ చదివి, ఏ ప్యాకేజీ పేరు వచ్చిందో చూసి, పైథాన్ ప్యాకేజీలు ఉండే పైపీఐలో దాని విడుదలల చరిత్ర తెరిచి, ఏ తేదీన ఏది వచ్చిందో సరిపోల్చుకోవాలి. అలవాటైనవాళ్లకు ఇది పది నిమిషాల పని. అలవాటు లేనివాళ్లకు వారం గడిచినా తెగదు.

మందు చిన్నదే. రిక్వైర్‌మెంట్స్ ఫైలులో ఫ్లాస్క్ కింద "వెర్క్‌జోయిగ్<3" అని ఒక వరుస చేర్పించాను. కొత్తగా వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ తయారుచేయించి అందులో ఇన్‌స్టాల్ చేయించాను. బ్రౌజర్‌లో 5000 పోర్టు తెరవగానే లాగిన్ పేజీ వచ్చింది. "వచ్చేసిందక్కా!" అని కేక పెట్టింది. ఫోన్ పెట్టెయ్యబోతుంటే ఆపి, 'పిప్ ఫ్రీజ్' కొట్టమన్నాను. ఏడు పేర్లు వచ్చాయి: క్లిక్, కలరామా, ఫ్లాస్క్, ఇట్స్‌డేంజరస్, జింజా2, మార్కప్‌సేఫ్, వెర్క్‌జోయిగ్. ఫ్లాస్క్ ఒక్కటి అడిగితే వచ్చినవి ఏడు. వాటిలో కలరామా విండోస్ మీద మాత్రమే వస్తుంది, టెర్మినల్‌లో రంగుల కోసం. ప్రతి పేరు పక్కనా దాని వెర్షన్ ఉంది. "ఈ ఏడూ ఫైలులో పెట్టు. పైథాన్ వెర్షన్ కూడా పైన రాయి. వచ్చే ఏడు నీ జూనియర్‌కి ఇదే ఇవ్వు" అన్నాను. అంతవరకు ఆ ఏడింటిలో ఒక్క ఫ్లాస్క్‌కే తాళం ఉంది, మిగతా ఆరూ తలుపులు తీసి ఉన్నాయి.

ఇది ఎప్పుడో ఒకసారి జరిగే వింత అనుకుంటే పొరపాటు. ఇదే కుటుంబంలో 2022 ఫిబ్రవరిలో మార్కప్‌సేఫ్ 2.1.0 వచ్చింది, సాఫ్ట్_యూనికోడ్ అనే పేరు తీసేశారు. జింజా2 పాత వెర్షన్లు, అంటే 2.11 వరకు, ఆ పేరును పిలిచేవి. వాటి జాబితాలోనూ పై హద్దు లేదు. జింజాను నేరుగా వాడనివాళ్లవి కూడా, దాని మీద కట్టిన పనిముట్లు వాడుతున్న పాపానికి, ఆ వారం ఇన్‌స్టాల్‌లు కూలిపోయాయి. మార్కప్‌సేఫ్‌ని 2.0.1 దగ్గర కట్టేస్తే గానీ కుదుటపడలేదు.

మన కాలేజీల్లో ఇప్పుడు ఏఐ, డేటా సైన్స్ సెక్షన్లు ఎన్ని పెరిగాయో నాకంటే మీకే బాగా తెలుసు. అక్కడి ల్యాబ్‌లన్నీ నంపై మీద నిలబడినవే. 2024 జూన్ 16న నంపై 2.0.0 విడుదలైంది. 1.0 వచ్చింది 2006లో, కాబట్టి అంతకాలం తరువాత వచ్చిన పెద్ద వెర్షన్ అది. ఈసారి దెబ్బ పడింది పేరు దగ్గర కాదు, ఇంకా లోపల. పాండాస్ వంటి ప్యాకేజీల్లో సీ భాషలో రాసి ముందే కంపైల్ చేసిన భాగాలుంటాయి. నంపై లోపలి నిర్మాణాలు ఎన్ని బైట్లు ఉంటాయో కంపైల్ చేసేనాటికే వాటిలో స్థిరపడిపోతుంది. నంపై 1 మీద కంపైల్ అయిన పాండాస్ 2.0.3 వంటి పాత వెర్షన్‌ని నంపై 2 పక్కన పెడితే, 96 ఉండాల్సినచోట 88 కనపడుతోంది అని ఎర్రర్ వస్తుంది. విద్యార్థికి ఆ అంకెలు చూస్తే ఏమర్థమవుతుంది? తన డేటాసెట్‌లో తప్పుందేమోనని సీఎస్‌వీ ఫైలు వరుసలు లెక్కబెట్టుకుంటూ కూర్చుంటారు. "నంపై<2" అని చిన్న వరుస రాస్తే తీరిపోయే సమస్య అది. పాండాస్ బృందం తరువాతి వెర్షన్లలో ఆ హద్దు తామే రాసింది, ఆ తరువాత నంపై 2కి సరిపడేలా మార్చుకుంది కూడా. పాత వెర్షన్లు మాత్రం పాత జాబితాతోనే పైపీఐలో ఉంటాయి. ఒకసారి విడుదలైన ఫైలును ఎవరూ తిరగరాయలేరు, అదే పైపీఐ నియమం.

పై హద్దు రాసుకుంటే చాలు కదా అనొచ్చు. అన్నిసార్లూ చాలదు. ఇప్పుడు ప్రతి కాలేజీలోనూ ఎవరో ఒకరు చాట్‌బాట్ ప్రాజెక్టు చేస్తున్నారు. వాటిలో వాడే ఓపెన్‌ఏఐ పైథాన్ లైబ్రరీ, హెచ్‌టీటీపీఎక్స్ అనే ప్యాకేజీకి 1 లోపు అని హద్దు పెట్టుకునే ఉంది. 2024 నవంబరు చివర్లో హెచ్‌టీటీపీఎక్స్ 0.28 వచ్చి, ప్రాక్సీస్ అనే ఆర్గ్యుమెంటును తీసేసింది. ఓపెన్‌ఏఐ లైబ్రరీ అప్పటి వెర్షన్లు దాన్నే పంపుతున్నాయి. 0.28 కూడా 1 లోపుదే కాబట్టి హద్దు అడ్డుకోలేదు. సున్నాతో మొదలయ్యే వెర్షన్లలో మధ్య అంకె మారినా పాత పద్ధతులు మారిపోవచ్చన్నది ఈ రంగంలో అందరూ ఒప్పుకున్న ఆచారమే. లైబ్రరీ వాళ్లు చకచకా 1.55.3 విడుదల చేసి సరిచేశారు. సర్వర్‌కి చేరే లోపే క్లయింటు కూలిపోతుంటే, తన ఏపీఐ కీ చెల్లడం లేదేమో అనుకుని కొత్త కీలు సృష్టించుకుంటూ పోయిన కుర్రాణ్ణి చూశాను.

ఇంకొక రకం ఉంది, ఇది అనుభవజ్ఞులను కూడా తికమక పెడుతుంది. 2023 జులైలో సైథాన్ 3.0 వచ్చాక పైయామల్ 5.4.1 వంటి వెర్షన్లను సోర్సు నుంచి ఇన్‌స్టాల్ చేయబోతే మధ్యలోనే ఆగిపోయింది. తన ఫైలులో "సైథాన్<3" అని రాసినా లాభం లేకపోయింది. ఎందుకంటే సోర్సు నుంచి కట్టేటప్పుడు పిప్ పక్కన ఒక తాత్కాలిక ఎన్విరాన్‌మెంట్ తెరిచి, కట్టడానికి కావలసిన పనిముట్లను అందులోకి విడిగా తెచ్చుకుంటుంది. మన ఫైలులోని హద్దు ఆ గదిలోకి చేరదు. పైయామల్ కట్టుబడి జాబితాలో సైథాన్ పేరుంది, వెర్షన్ లేదు. అప్పట్లో ఒక కన్‌స్ట్రెయింట్ ఫైలు రాసి, పిప్_కన్‌స్ట్రెయింట్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో దాని దారి చూపిస్తే గానీ పని జరగలేదు. 6.0.1 వచ్చాక హద్దు వాళ్లే రాశారు. 2025 మార్చిలో సెటప్‌టూల్స్ 78 వచ్చినప్పుడూ ఇంతే. పాత కాన్ఫిగరేషన్ ఫైళ్లలో అండర్‌స్కోర్ బదులు అడ్డగీత వాడిన ప్యాకేజీలు కట్టుబడి దగ్గరే నిలిచిపోయాయి. గగ్గోలు రేగింది, ఆ మార్పును వెంటనే వెనక్కి తీసుకున్నారు.

ఈ ప్యాకేజీలు రాసేవాళ్ల మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. వాళ్లలో చాలామంది జీతం లేకుండా చేస్తున్నారు. పాత కోడ్ మోస్తూ కూర్చుంటే ముందుకు పోలేరు. పై హద్దు రాయకపోవడానికీ వాళ్లకు కారణం ఉంది. లైబ్రరీ అన్నది ఎన్నో ప్రాజెక్టుల్లో, మరెన్నో లైబ్రరీల పక్కన ఇమడాలి. ఒకటి నంపై 2 లోపే అని, మరొకటి 2 పైనే అని పట్టుబడితే రెండూ ఒకే ప్రాజెక్టులో బతకలేవు. అందుకని లైబ్రరీ తన జాబితాను వదులుగా ఉంచుకుంటుంది. ప్రోగ్రాము సంగతి వేరు. దాని మీద ఇంకెవరూ ఆధారపడరు. ఒక యంత్రం మీద, ఒక రోజున నడిచింది, మళ్లీ అలాగే నడవాలి. అది తన జాబితాను బిగించి ఉంచుకోవాలి. వేటితో నడవగలనో చెప్పడం లైబ్రరీ బాధ్యత. వేటితో నడిచానో చెప్పడం ప్రోగ్రాము బాధ్యత. ఈ తేడా ఒక్క క్లాసులో చెప్పొచ్చు. మన సిలబస్‌లో ఏ యూనిట్‌లోనూ నాకు కనపడలేదు.

పక్క బ్రాంచీ వైపు చూడండి. సివిల్ ల్యాబ్‌లో కాంక్రీటు క్యూబు నొక్కి 28 రోజుల బలం ఇంత అని రాస్తే, సిమెంటు గ్రేడు, పాళ్లు, నీళ్ల నిష్పత్తి రికార్డులో లేకుండా ఏ మాస్టారూ సంతకం పెట్టరు. కంప్యూటర్ సైన్స్ రికార్డులో మాత్రం ఎయిమ్, ప్రోగ్రాము, అవుట్‌పుట్ ఉంటే సంతకం పడిపోతోంది. ఆ అవుట్‌పుట్ వేటితో వచ్చిందో ఎవరూ అడగడం లేదు.

ఇక మీరు చెయ్యగలిగినదాని గురించి. మీ రెగ్యులేషన్లు, ఆర్22 కానివ్వండి ఆర్23 కానివ్వండి, ఒకసారి వస్తే కొన్నేళ్లు నడుస్తాయి. వాటిని అనుసరించి కాలేజీలు ల్యాబ్ మాన్యువల్ అచ్చు వేస్తాయి. అందులో "పిప్ ఇన్‌స్టాల్ ఫ్లాస్క్" అని ఉంటుంది. మొదటి బ్యాచ్‌కి ఆ వరుస ఒకటి తెస్తుంది, మూడో బ్యాచ్‌కి ఇంకొకటి తెస్తుంది. మాన్యువల్‌లోని కోడ్ మాత్రం అచ్చులో అలాగే ఉంటుంది. మాన్యువల్‌తోపాటు పూర్తి వెర్షన్ల ఫైలు కూడా ఇవ్వాలని రెగ్యులేషన్‌లోనే ఒక వాక్యం రాస్తే, ఆ భారం ఏ ఒక్క లెక్చరర్ నెత్తినా పడదు. విశ్వవిద్యాలయ స్థాయిలో ఒక్కరు తయారుచేస్తే కాలేజీలన్నీ వాడుకుంటాయి.

పైథాన్ వెర్షన్ రాయడం మరువనివ్వకండి. వెర్క్‌జోయిగ్ 3.0.0 వచ్చిన రెండు రోజులకే, 2023 అక్టోబరు 2న, పైథాన్ 3.12 వచ్చింది. అందులోంచి డిస్ట్‌యుటిల్స్ అనే పాత భాగాన్ని తొలగించారు. ప్యాకేజీల వెర్షన్లన్నీ సరిగ్గా రాసుకున్నవాళ్లకు కూడా కొత్త పైథాన్ మీదకు వచ్చేసరికి, పాత ప్యాకేజీలకు దానికి తగ్గట్టు ముందే కట్టి ఉంచిన వీల్ ఫైళ్లు లేక, పిప్ సోర్సు నుంచి కట్టబోయి, సీ కంపైలర్ లేని ల్యాబ్ యంత్రాల్లో చతికిలపడింది.

ఇంటర్నెట్ సరిగా లేని కాలేజీలు ఎన్నో ఉన్నాయి. అరవై మంది ఒకేసారి పైపీఐ మీద పడితే గంట గడిచినా నంపై దిగదు. వాటికి ఈ ఫైలు ఇంకా ఎక్కువ మేలు చేస్తుంది. వెర్షన్లు ఖాయమయ్యాక, పిప్‌లోని డౌన్‌లోడ్ ఆదేశంతో ఆ వీల్ ఫైళ్లన్నిటినీ ఒక్కసారి దించుకుని ల్యాబ్ సర్వర్‌లో ఒక ఫోల్డర్‌లో పెట్టుకోవచ్చు. పిల్లలు ఇంటర్నెట్‌కి పోకుండా ఆ ఫోల్డర్ నుంచే ఇన్‌స్టాల్ చేసుకునేలా చెప్పే ఆప్షన్లు పిప్‌లోనే ఉన్నాయి. సెమిస్టరు పొడవునా అందరికీ ఒకే వెర్షన్లు ఉంటాయి. ఎక్స్‌టర్నల్ పరీక్ష రోజు నెట్ లేకపోయినా ఏ ఇబ్బందీ ఉండదు.

కోల్యాబ్ వాడితే ఈ గొడవే ఉండదని కొందరు మాస్టార్లు అంటున్నారు. కోల్యాబ్‌లో ముందే వేసి ఉంచిన ప్యాకేజీలనూ గూగుల్ ఎప్పటికప్పుడు మారుస్తూనే ఉంటుంది. జనవరిలో నడిచిన నోట్‌బుక్ ఆగస్టులో నడుస్తుందన్న భరోసా అక్కడా లేదు. డాకర్ గురించీ ఇదే మాట. డాకర్‌ఫైలులో వెర్షన్ లేకుండా ఇన్‌స్టాల్ అని రాస్తే, ఇమేజ్‌ని మళ్లీ కట్టిన రోజున అదే కథ మొదలవుతుంది. ఫుల్ స్టాక్ ల్యాబ్‌లో నోడ్ వాడేవాళ్లకు 2017 నుంచి ఎన్‌పీఎం తనంతట తనే ప్యాకేజ్-లాక్ ఫైలు రాసిపెడుతోంది. మన పిల్లలు దాన్ని అక్కరలేని ఫైలనుకుని తీసేసి, నోడ్_మాడ్యూల్స్ ఫోల్డర్‌ని మాత్రం జిప్ చేసి పెన్‌డ్రైవ్‌లో ఇస్తున్నారు. ఏది ఉంచాలో ఏది వదిలెయ్యాలో తెలియకపోవడమే దానికి కారణం.

వెర్షన్లు కట్టేస్తే భద్రతా లోపాలు అలాగే ఉండిపోతాయి కదా అన్నది అసలైన అభ్యంతరం. దానికి నేరుగా జవాబు చెప్పాలి. కట్టెయ్యడమంటే ఎప్పటికీ మార్చకపోవడం కాదు. మార్చినప్పుడు తెలిసి మార్చడం, మార్చాక నడిపి చూసుకోవడం, ఫైలు తిరగరాయడం. 2021 డిసెంబరులో లాగ్4జే లోపం బయటపడినప్పుడు ప్రపంచంలో ప్రతి సంస్థ తనను తాను వేసుకున్న మొదటి ప్రశ్న, మన దగ్గర ఏ వెర్షన్ ఉంది అని. జాబితా ఉన్నవాళ్లకు ఆ జవాబు అప్పటికప్పుడు దొరికింది. లేనివాళ్లు పండగ సెలవుల్లో కూడా సర్వర్లు వెతుక్కుంటూ గడిపారు. ఆ జాబితా రాసే అలవాటునే కాలేజీలో నేర్పమంటున్నాను. ప్రతి ప్యాకేజీ ఫైలుకూ హ్యాష్ కూడా రాసుకుంటే, అదే వెర్షన్ పేరుతో వేరే ఫైలు వచ్చినా పిప్ ఒప్పుకోదు. ఫ్రీజ్ ఆదేశం హ్యాష్‌లు రాయదు గానీ పిప్-టూల్స్, యూవీ వంటివి రాస్తాయి. 2025లో పైథాన్ సమాజం లాక్ ఫైలుకు ఒక ఉమ్మడి రూపం కూడా ఖాయం చేసింది, పెప్ 751 పేరుతో. ఏ పనిముట్టు వాడాలన్న తగవు ఇక అంత అవసరం లేదు.

జాబితా లేకుండానే మిగిలిపోయిన పాత ప్రాజెక్టులు మీ కాలేజీ గ్రంథాలయాల్లో సీడీల నిండా ఉన్నాయి. వాటినీ బతికించుకోవచ్చు. గిట్‌లో ఆఖరి కమిట్ తేదీ చూస్తే, లేదంటే రిపోర్టు సమర్పించిన తేదీ చూస్తే, ప్రోగ్రాము నడిచిన కాలం తెలుస్తుంది. ఫలానా తేదీ తరువాత వచ్చినవేవీ తీసుకోవద్దని యూవీకి చెప్పే వీలుంది. ఆ తేదీ ఇస్తే అప్పటికి పైపీఐలో ఉన్న వెర్షన్లనే ఎంచుకుంటుంది. నడిచాక వెంటనే జాబితా రాసుకోవాలి. జూనియర్లకు ఇంతకంటే మంచి ల్యాబ్ అభ్యాసం ఇంకొకటి నాకు తోచడం లేదు. ఒక విరిగిన ఇన్‌స్టాల్ ఇచ్చి, ఎర్రర్ చదివి, విడుదలల చరిత్రలో దోషి వెర్షన్‌ని పట్టుకుని, దానికి ముందుది వేసి నడిపించమని అడగండి. ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే వాళ్లకు పనికొచ్చే విద్య అది. ఆ అభ్యాసంలో చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. డెబియన్ 12, ఆ తరువాతి వెర్షన్లు ఉన్న లైనక్స్ యంత్రాల్లో పిప్ నేరుగా సిస్టం పైథాన్‌లోకి ఇన్‌స్టాల్ చెయ్యనివ్వదు. ఆ అడ్డుగోడను దాటడానికి, సిస్టం పాడైనా ఫర్వాలేదు అన్న అర్థం వచ్చే ఆప్షన్‌ను పిల్లలు ఎక్కడి నుంచో తెచ్చి అతికిస్తున్నారు. అది ఏం చేస్తుందో, దాని బదులు వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ ఎందుకు వాడాలో ఆ పీరియడ్‌లోనే చెప్పెయ్యొచ్చు.

ప్రాజెక్టు వైవా గురించి చివరి మాట. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ ముందు విద్యార్థి తన ల్యాప్‌టాప్ తెరిచి, ముందే నడుస్తున్న అప్లికేషన్ చూపిస్తున్నారు. బదులుగా డిపార్ట్‌మెంట్ యంత్రం మీద, కొత్త ఎన్విరాన్‌మెంట్‌లో, వాళ్లిచ్చిన ఫైలుతో ఇన్‌స్టాల్ చేసి చూపించమనండి. దీనికి పట్టే సమయం కొద్ది నిమిషాలే. కొని తెచ్చిన ప్రాజెక్టు ఏదో, చేసిన ప్రాజెక్టు ఏదో కూడా ఆ నిమిషాల్లో చాలావరకు తేలిపోతుంది.

రాబోయే రెగ్యులేషన్ ముసాయిదాలో ఈ మాట చేర్చే లోపు, ఒక్క సెమిస్టరుకు, ఒక్క పైథాన్ ల్యాబ్‌తో, ఒప్పుకున్న నాలుగైదు కాలేజీల్లో పరీక్షించి చూడండి. ఆ ల్యాబ్‌కి వెర్షన్ల ఫైలు, దానికి తగిన వీల్ ఫోల్డర్, విరిగిన ఇన్‌స్టాల్‌ల అభ్యాసాలు తయారుచెయ్యడానికి నేనూ, నాతో పనిచేసేవాళ్లలో కొందరూ సిద్ధంగా ఉన్నాం. శనివారాల్లో కాలేజీలకు వచ్చి లెక్చరర్లతో కలిసి కూర్చుంటాం. ప్రతి సెమిస్టరు మొదలవడానికి ముందు వారం ఆ ఫైలును ఖాళీ యంత్రం మీద మళ్లీ నడిపి, మార్చాల్సినవి మార్చి, కొత్త తేదీ వేసి మీకు పంపుతాం.

భవదీయురాలు,
హైదరాబాద్‌లో పనిచేస్తున్న ఒక సాఫ్ట్‌వేర్ ఇంజినీరు